పదమూడవనాటి కన్నీరు

శ్రీమద్రామాయణము అయోధ్యాకాండమున ఒక ఘట్టము కలదు. దివంగతుడైన దశరథ మహారాజునకు భరతుడు వసిష్ఠులవారి ఆజ్ఞానుసారము ఉత్తరక్రియలు యథావిధిగా జరిపెను. పన్నెండవనాడు శ్రాద్ధము ముగిసెను. పదమూడవనాటి ప్రాతఃకాలమున శ్మశానవాటికకు వెళ్ళి, తండ్రి చితాభస్మమును చూచినంతనే భరతుడు నేలకొరిగి విలపించెను. అన్నను చూచి శత్రుఘ్నుడును కూలిపోయెను. అపుడు వసిష్ఠులవారు భరతుని లేవనెత్తిరి. సుమంత్రుడు శత్రుఘ్నుని లేవనెత్తెను. ముందు చేయూత, పిదప జననమరణములను గూర్చిన బోధ. ఇరువురు దుఃఖితులకు ఇరువురు తోడు నిలిచిరి.

కర్మకాండతోపాటే కన్నీరు ముగియదని ఆదికవి ఎరుగును. తర్లుపాడు వంటి ఊళ్ళలో శుభస్వీకారము కాగానే చుట్టములు రైలెక్కి, బస్సెక్కి వెళ్ళిపోవుదురు. ఇల్లు మూగపోవును. విస్తరులు లెక్కించి వేయు చేయి అలవాటుగా ఒకటి ఎక్కువ వేయును. అసలు దుఃఖము అప్పుడు గదా ఆరంభమగుట!

ఈ సత్యమును గ్రహించి నడుచు సేవాగృహములే హాస్పిస్‌లు. వ్యాధి నయముకాని దశలో రోగి బాధను శమింపజేసి, తుదిశ్వాసవరకు గౌరవముతో కాపాడుట వీని ధర్మము. 1967లో లండనులో సిసిలీ సాండర్స్ సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను నెలకొల్పెను. మన దేశమున 1986లో ముంబయిలో శాంతి అవేదన సదన్, 2011లో హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్ వెలసినవి. రోగి కన్నుమూయుటతో ఈ సేవ ముగియరాదనుట హాస్పిస్ సంప్రదాయము. ఆ కుటుంబమును పలుకరించుట, వారి మాట వినుట, సంవత్సరీకము వంటి దినములలో మరల తలచుట కూడ అందొక భాగమే.

పిల్లల విషయమున మరింత జాగరూకత వలయును. “నాన్న ఊరికి వెళ్ళినాడు” అన్నచో బిడ్డ వాకిట కూర్చుండి ఎదురుచూచును. “నిద్రపోయినాడు” అన్నచో రాత్రి కన్నుమూయుటకే భయపడును. తన అల్లరివలననే అమ్మ పోయినదని కుమిలిపోవు పసివారును కలరు. కావున మరణించినారని మెల్లగా, స్పష్టముగా చెప్పవలెను. తప్పు నీది కాదనవలెను. అడిగినదే పదిమార్లు అడిగినను విసుగుకొనక బదులీయవలెను. బడి, భోజనము, నిద్ర వేళ తప్పక సాగవలెను. మార్కాపురపు పలకమీది అక్షరమువలె తడిగుడ్డతో తుడిచివేయుటకు దుఃఖము వీలుపడదు. నెలలు గడచినను తిండి, నిద్ర, పని సాగనిచో పెద్దలకైనను పిల్లలకైనను వైద్యుని సలహా అవసరము. అది భక్తికి లోపము కాదు.

ఊరూర హాస్పిస్ ఉండదు. కాని ఊరూర గుడి కలదు, గోష్ఠి కలదు. తర్లుపాడు శ్రీ వేణుగోపాలస్వామి సన్నిధిలో తీర్థము స్వీకరించి మరలు భక్తుడు, త్రోవలో అట్టి ఇంటి గడప ఒకటి ఎక్కి, ప్రసాదము చేతికిచ్చి, ఉపదేశమేమియు చేయక ఒక గడియ కూర్చుండవచ్చును. పోయినవారి పేరు పలుకుటకు వెనుదీయనక్కరలేదు. ఆ పేరు మరియొకరి నోట వినుటకే ఆ ఇల్లు ఎదురుచూచును.

గీతాశాస్త్రమున శోకింపవలదను అభయము కడపటి అధ్యాయమున వచ్చినది. అంతకు ముందు ప్రథమాధ్యాయమున అర్జునుని విషాదమునంతటిని పరమాత్మ అడ్డుపలుకక ఆలకించెను. ఆలకించుటయే తొలి ఓదార్పు. వేణుగోపాలుని సేవించువారు దానిని పదమూడవనాటి పిమ్మటను విడువరాదు.