రక్తదానము - దాసోహభావము



ఈ పత్రిక మూడు మాసముల కొక పర్యాయము మీ గృహమునకు వచ్చుచున్నది. ఆరోగ్యవంతుడైన పురుషుడు ఒకమారు రక్తమిచ్చిన పిదప మరల నిచ్చుటకు మన దేశమున విధించిన గడువును మూడు మాసములే. స్త్రీలకు నాలుగు మాసములు. సంచిక చేతికందిన వారముననే రక్తనిధి కేంద్రమునకు పోవుట నాకు చిరకాలముగా నలవాటు. ఆ యలవాటు వలన నేను నేర్చిన పాఠమొకటి మీకు విన్నవించుచున్నాను.

రక్తమిచ్చుట కష్టకార్యము కాదు. సాధారణముగా 350 మిల్లీలీటర్లు తీసికొందురు. పది నిమిషములలో ముగియును. తగ్గిన ద్రవభాగము ఒకటి రెండు దినములలోను, ఎర్రకణములు కొన్ని వారములలోను మరల సమకూరును. ఇచ్చినను, ఇవ్వకున్నను ఎర్రకణమున కాయువు సుమారు 120 దినములే. నాదియని దాచుకొన్న రక్తము సైతము నాయొద్ద నిలువదు. ఇక నేనిచ్చితినని గర్వించుట యెట్లు?

అయినను నేను గర్వించితిని. ఎన్ని పర్యాయము లిచ్చితినో లెక్క వ్రాసికొంటిని. ప్రశంసాపత్రములకు పటములు కట్టించి, వచ్చినవారికి కనబడునట్లు గోడకు వ్రేలాడదీసితిని.

ఒకనాడు యథాప్రకారము పోగా, వ్రేలినుండి రక్తపుబొట్టు తీసి పరీక్షించిరి. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తక్కువ కారాదని నియమము. నాకు తక్కువగా నుండెను. "అయ్యా! ఈ పర్యాయము మీరు ఇవ్వరాదు. ముందు మీ యొంటికి రక్తము పట్టవలెను" అని యచటి యమ్మాయి మెల్లగా చెప్పెను. నాకు ముఖము చిన్నబోయెను. ఇన్నిమార్లిచ్చిన నన్నా త్రిప్పి పంపుట యని లోలోన మండిపడితిని.

వెలుపల బల్లపై నొక తల్లి కుమారునితో కూర్చుండి యుండెను. బాలునికి తలసీమియా. మూడు వారముల కొకమారు రక్తమెక్కించినగాని నిలువడు. "ఇచ్చి వచ్చితిరా బాబూ?" అని యామె యడిగెను. ఇవ్వలేకపోయితినని, కారణము చెప్పితిని. ఆమె నొచ్చుకొని, "మీ యొళ్లు జాగ్రత్త బాబూ! మీబోటివారు చల్లగా నుండవలెను" అనెను. రక్తము కొరకు నిరీక్షించుచున్న తల్లి నన్నాశీర్వదించెను. ఇవ్వవచ్చిన నేను కోపముతో నుంటిని.

అప్పుడామె చేతికి రక్తపుసంచి వచ్చెను. దానిపై రక్తవర్గము, సంఖ్య, తేదీలు నుండెను. ఇచ్చినవాని పేరు లేదు, కులము లేదు. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తవర్గములను వెల్లడించెను. సంచిని తాకువారు నేటికిని చూచునది యా వర్గమునే గాని వంశమును కాదు. ఆ బాలుని యిన్నేండ్లు బ్రదికించినవారెవరో ఆ తల్లి యెరుగదు. వారును ఆమె నెరుగరు. నేనొక్కడనే నా పేరును గోడకెక్కించుకొంటిని!

బంధువులారా! 12వ శతాబ్దమున కల్యాణపట్టణమున బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును బోధించెను. దాసోహమనగా నేను దాసుడనను భావము. దానమున నిచ్చువాని చేయి పైన నుండును. దాసోహమున పై చేయి, క్రింది చేయి యను భేదము లేదు. పుచ్చుకొనువాడుండుటయే యిచ్చువాని భాగ్యము. అట్టి సేవకు వెల కట్టరాదు. సర్వోన్నత న్యాయస్థానము 1996లో నిచ్చిన తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి మన దేశమున రక్తవిక్రయము నిషిద్ధమైనది. ధనమునకు విక్రయింపరాని దానిని కీర్తికి విక్రయించుట మాత్రము తగునా?

నియమమునకు తలయొగ్గుటయు సేవయే. వైద్యుడు ప్రశ్నించునపుడు రోగమును, వాడు మందులను దాచక చెప్పుడు. ఇవ్వవలదన్నచో సంతోషముతో మరలి రండు. ఆ మాట మీ మేలునకును, పుచ్చుకొనువాని మేలునకును చెప్పినదే.

నాకు ఇనుము తగ్గినదని వైద్యుడు మాత్రలిచ్చెను. కొన్ని మాసములకు మరల నన్ను స్వీకరించిరి. ఆనాడు ఇంటికి వచ్చి పటములు దించితిని, లెక్కపుస్తకము మూసితిని. ఇపుడు రక్తము సంచిలోనికి దిగుచుండగా నాలో పలుకుమాట "ఇచ్చితిని" యనునది కాదు. "పుచ్చుకొంటివా తండ్రీ" యనునదే.

ఆరోగ్యవంతులైన శరణులారా! వచ్చు సంచిక మీ చేతికందులోపల ఒక్కమారైనను ఆ బల్లపై చేయి చాపుడు.