లెమూయేలు తల్లి చెప్పిన బుద్ధి

సామెతల గ్రంథము 31వ అధ్యాయము అనగానే మన సంఘములలో గుణవతియైన భార్య జ్ఞాపకమునకు వచ్చును. పెండ్లి ఆరాధనలలోను స్త్రీల సమాజపు కూటములలోను ఆ భాగమునే చదివింతుము. దానికి ముందు తొమ్మిది వచనములు గలవు. అక్కడ మాటలాడునది ఒక తల్లి, వినువాడు ఒక రాజు. ఆ తొమ్మిది వచనములను త్వరగా దాటిపోవుట మనకు వాడుకయైనది.

ఆ రాజు పేరు లెమూయేలు. ఇశ్రాయేలు రాజుల వరుసలో గాని యూదా రాజుల వరుసలో గాని ఈ పేరు కనబడదు. సొలొమోనుకే ఇది మారుపేరని కొందరు, అన్యదేశపు రాజని కొందరు పండితులు చెప్పుదురు. ఆ తగవు మనకంత అవసరమని నాకు తోచలేదు. తల్లి పేరైతే వ్రాయబడనేలేదు. మ్రొక్కుకొని కన్న కుమారుడా అని ఆమె అతనిని పిలుచుచున్నది, అంతే.

త్రాగవద్దని కొడుకులకు చెప్పు తల్లులకు మన పల్లెలలో కొదువ లేదు. ఒళ్లు చెడునని, అప్పులగునని, నలుగురిలో పరువు పోవునని వారు చెప్పుదురు. లెమూయేలు తల్లి ఈ మూడింటిలో ఒక్కటియు చెప్పలేదు. రాజు త్రాగినయెడల కట్టడలను మరచిపోవునని, దీనుల వ్యాజ్యెము తలక్రిందులగునని ఆమె భయము. త్రాగువాడు ఒకడు, నష్టపోవువాడు వేరొకడు. ఆ వేరొకడు చుక్కయైనను ముట్టనివాడు.

“నా డబ్బుతో నా ఇంట త్రాగుదును, నీకేమి?” అని అడుగువారు కలరు. ఒంటరివాడు ఆ ప్రశ్న వేసినను దానికి జవాబు కలదు. అతనికి భార్యాబిడ్డలుందురు గదా. అయితే పదిమంది తగవు తీర్చువానికి, ఊరి పెత్తనము చేయువానికి ఆ ప్రశ్న అడుగుటకే హక్కు లేదు. అతని మెలకువ అతని సొత్తు కాదు. అది న్యాయము కొరకు అతని యెదుట నిలుచువారి సొత్తు.

పూర్వము న్యాయము ఏ వేళను జరిగెడిదో గమనించుడి. యిర్మీయా 21వ అధ్యాయములో దావీదు వంశపువారికి వచ్చిన ఆజ్ఞ ప్రతి ఉదయమున న్యాయము తీర్చుమనియే. అబ్షాలోము జనుల మనస్సు దోచుకొనదలచినప్పుడు వేకువనే లేచి, వ్యాజ్యెములతో వచ్చువారిని గుమ్మపు మార్గమున ఆపెడివాడు. బోయజు కళ్లములో తిని త్రాగి సంతోషముగా పండుకొన్నవాడే. కాని రూతు సంగతి ఆ రాత్రి తేల్చలేదు. తెల్లవారినపిమ్మట పట్టణపు గుమ్మమునకు వెళ్లి, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి తేల్చెను. ఇది తెలిసినప్పుడు యెషయా 5వ అధ్యాయము మరింత వాడిగా తగులును. వేకువనే లేచి మద్యము వెంట పరుగెత్తువారికి అక్కడ శ్రమ చెప్పబడినది. ఆ వేళ బీదవాడు గుమ్మములో కనిపెట్టుకొని యుండు వేళ. అదే అధ్యాయము చివరకు వచ్చుసరికి, ఆ త్రాగుబోతు శూరులే లంచము పుచ్చుకొని దోషిని విడిచిపెట్టుచున్నారు.

మన వైపు పెద్దమనుష్యుల పంచాయితీ ఎప్పుడు కూర్చుండును? పనిపాటలు ముగిసి దీపాలు పెట్టిన తరువాత. అప్పటికి ఇద్దరు ముగ్గురు ఒక చుక్క వేసికొనియే రచ్చబండకు వత్తురు. పోయించినవాడు ఒక్కొక్కప్పుడు తగవులోని రెండు పక్షములలో ఒకడే. ఎదుట నిలిచినది భర్త చనిపోయిన ఒకామె. గట్టు జరిపి ఆమె చేనిలో మూడు సాళ్లు కలుపుకొన్నవాడు సొంత మరిదియే. ఆమెకు పోయించుటకు డబ్బు లేదు, ఉన్నను పోయించదు. “ఆడకూతురివి, నీకెందుకమ్మా ఈ గట్టు గొడవ” అని నవ్వులాటగా తీర్పు ముగియును. నేనెరిగిన ఒక వృద్ధుడు, చదువు రానివాడు, తెల్లవారనిదే ఏ తగవును విననని పట్టుబట్టెడివాడు. యిర్మీయా మాట ఆయన ఎన్నడైనను వినెనో లేదో గాని, ఆ పద్ధతి మాత్రము ఆయనకు తెలిసియుండెను.

ఎస్తేరు గ్రంథము 3వ అధ్యాయపు చివరి వచనము నాకు ఎప్పుడును భయము పుట్టించును. 127 సంస్థానములలోని యూదులను పిన్నపెద్దలనక చంపుడని తాకీదులు అంచెవారిచేత బయలుదేరినవి. రాజును హామానును త్రాగుటకు కూర్చుండిరి. బయట షూషను పట్టణము కలవరపడుచున్నది. గోడకు ఇవతల గిన్నె, అవతల ఏడ్పు. ఆ రాజు కోపముతో సంతకము చేయలేదు, ద్వేషముతోను చేయలేదు. ఏ జనమని కూడ అడుగక తన ఉంగరము తీసి ఇచ్చివేసెను.

ఇక ఒక చిక్కు కలదు. ఆ తల్లియే, చావ సిద్ధమైనవానికి మద్యమిమ్మని, బాధపడువాడు త్రాగి తన పేదరికము మరచునని 6, 7 వచనములలో చెప్పుచున్నది. త్రాగువారు ఈ వచనములు కంఠతా పెట్టుట నేనెరుగుదును. నొప్పి తగ్గించు మందులు లేని కాలములో మరణవేదనపడువానికి అది ఒక ఉపశమనము. గొల్గొతా యొద్ద మన ప్రభువునకు బోళము కలిపిన ద్రాక్షారసము ఇయ్యజూపిరి. ఆయన పుచ్చుకొనలేదని మార్కు వ్రాసెను. లెమూయేలు తల్లి మాటచొప్పున త్రాగుటకు ఆ దినమున ఆయనకంటె ఎక్కువ హక్కు గలవారెవరు? అయినను ఆయన తెలివితోనే యుండెను. ఆ తెలివితోనే ప్రక్కనున్న దొంగకు జవాబు చెప్పెను, తల్లిని శిష్యునికి అప్పగించెను.

ఆ తల్లి 7వ వచనముతో ఆగలేదు. వెంటనే మూగవారి పక్షమున నోరు తెరువుమని, దిక్కులేనివారికి న్యాయము తీర్చుమని చెప్పెను. లోకము మొదటి సగము తీసికొని రెండవ సగము విడిచిపెట్టినది. కూలి తక్కువ చేసి, సాయంకాలము సారా పోయించి, పేదరికము మరువుమన్న ఆసాములు ఉండిరి. ఎన్నికల ముందు రాత్రి జరుగునది అదే. పోలింగు ముగియుటకు ముందు 48 గంటలు మద్యము అమ్మరాదని చట్టము కలదు. నాయకుని ఏర్పరచుకొను దినమున తెలివితో ఉండవలెనని ప్రభుత్వమునకును తెలిసినది.

నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముమీద తిరుగబడిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. 1990 తరువాత అక్షరాస్యత ఉద్యమములో రాత్రి బడులలో చదువుకొన్న స్త్రీలు వారు. వారి కథ వాచకములో పాఠమై ఊరూర చదువబడెను. 1992లో వేలంపాటలు జరుగనీయక అడ్డుపడిరి. 1993లో సారా నిషేధింపబడెను, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో అది సడలింపబడెను. ఖజానాకు రాబడి తగ్గినదని చెప్పిరి. ఆ స్త్రీలలో క్రైస్తవులెందరో నేను లెక్కించుట లేదు. లెమూయేలు తల్లి పని వారు చేసిరి: తమ భర్తల గిన్నె దగ్గర ఆగక, ఆ గిన్నెను పాటపెట్టి అమ్ము అధికారి యొద్దకు వెళ్లిరి.

మన సంఘ పెద్దల ఎన్నికలలో 1 తిమోతి 3వ అధ్యాయము చదివి, అభ్యర్థి త్రాగునా అని విచారింతుము. అది మంచిదే. పెద్ద త్రాగనివాడై యుండి, ఆ విధవరాలి గట్టు జరిగినప్పుడు మరిది తన బంధువని నోరు మూసికొనియుండినయెడల, ఆ తొమ్మిది వచనములలో అతడు పాటించినవి ఎన్ని? త్రాగని పెద్దలు మనలో చాలమంది కలరు. వారిలో ఆమె వెంట తెల్లవారి మండల కచేరీకి నడచి వెళ్లువారు ఎందరో ఒక్కొక్క సంఘము లెక్కించుకొనవలెను.