పుట్టుమచ్చ, ఉంగరం, పదోవాడు

తెలుగు పిల్లలకు పదో తరగతి సర్టిఫికెట్ మార్కులతో పాటు పుట్టుమచ్చలనూ మోసుకొస్తుంది. దరఖాస్తు నింపే రోజున చొక్కా చేతులు పైకి మడిచి, మెడ తడుముకుని, ఎక్కడెక్కడున్నాయో వెతికి మరీ రాయించుకుంటారు. ఆధార్ దగ్గరికొచ్చేసరికి ఆ పని పది వేళ్ల ముద్రలు, రెండు కళ్లు, 12 అంకెలు చేస్తున్నాయి. ఇదంతా మనిషి ఎవరో ఎదుటివాళ్లకు నిరూపించే గుర్తింపు.

ఊళ్లలో పెద్దవాళ్లు చాలాకాలానికి కనిపిస్తే ‘నన్ను పోల్చుకున్నావా?’ అని అడుగుతారు. ఎంత చక్కని మాట! ఎదురుగా ఉన్న ముఖాన్ని మనసులో దాచుకున్న ముఖంతో పోల్చి చూస్తేనే కదా ఆనవాలు దొరికేది.

అశోకవనంలో సీత చేసింది ఇదే. వచ్చినవాడు మారువేషంలో ఉన్న రావణుడేమోనని ఆమె భయం. అందుకే ముందు రామలక్ష్మణుల రూపురేఖలు చెప్పమంది. హనుమంతుడు రాముడి భుజాలు, కన్నులు, కంఠస్వరం, నడక అన్నీ వర్ణించాడు. ఆ తర్వాతే రాముడి పేరు చెక్కిన ఉంగరం ఆమె చేతికిచ్చాడు. అతను తిరుగు ప్రయాణమయ్యేటప్పుడు సీత చూడామణి ఇచ్చింది సరే, దానితో ఆగలేదు. చిత్రకూటంలో కాకి తనను గాయపరిచిన సంగతి రాముడికి గుర్తుచేయమంది. ఆమె వివేకమంతా అక్కడే కనిపిస్తుంది. నగను ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. ఆలుమగల మధ్య జరిగిన సంగతిని ఎత్తుకుపోలేరు.

ఇక రెండో గుర్తింపు లోపల జరిగేది. శాస్త్రాల్లో తాదాత్మ్యం అంటారు. బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే శంకరాచార్యులు దీన్ని మన ఇంటి భాషలో విప్పారు. ‘నేను లావు, నేను తెల్లన’ అన్నప్పుడు దేహమే నేనవుతుంది. ‘నేను గుడ్డివాణ్ని’ అన్నప్పుడు ఇంద్రియం నేనవుతుంది. భార్యాబిడ్డలకు బాగోలేకపోతే తనకే బాగోలేనట్టు కుంగిపోవడం కూడా ఆయన చెప్పిన ఉదాహరణే. ఆసుపత్రి వరండాలో బిడ్డ కోసం కూర్చున్న ఏ తల్లినైనా చూడండి, ఆ వాక్యం అర్థమవుతుంది. ఆయన దాన్ని అధ్యాస అన్నారు: ఒకదాని మీద మరొకదాన్ని మోపడం.

మరి ఆ మోపుడును దించేదెలా? వేదాంతులు ఉదాహరణకు దేవదత్తుడనే ఒక మనిషిని తీసుకొస్తారు. ఎప్పుడో వేరే ఊళ్లో చూసిన దేవదత్తుడు ఇవాళ ఇక్కడ కనిపించాడు. ‘వీడే వాడు’ అనాలంటే అప్పటి ఊరు, ఇప్పటి ఊరు, ఆ కాలం, ఈ కాలం వదిలేయాలి. సర్టిఫికెట్‌కు గుర్తులు చేర్చాలి. ఇక్కడ ఒక్కొక్కటే తీసేయాలి.

ఇక మనిషి తనను తానే పోల్చుకోలేకపోతే? పదిమంది ఏరు దాటిన కథ అందరూ విన్నదే. ఒడ్డెక్కి ఎవరు లెక్కపెట్టినా తొమ్మిదిమందే వస్తున్నారు, తనను తాను లెక్కలో వేసుకోక. పదోవాడు కొట్టుకుపోయాడని గుండెలు బాదుకున్నారు. బాటసారి వచ్చి ‘పదోవాడు ఉన్నాడు’ అన్నాడు. తర్వాత లెక్కించి చూపి, ‘అది నువ్వే’ అన్నాడు.

పంచదశిలో విద్యారణ్యులు ఈ చిన్న కథలో ఏడు దశలు చూపించారు. బాటసారి మొదటి మాట నమ్మడం నాలుగోది, పరోక్షజ్ఞానం. ‘నేనే’ అని తెలియడం ఐదోది. ఆరో దశలో ఏడుపు ఆగుతుంది. ఏడోది తృప్తి, ఆ ప్రకరణం పేరే తృప్తిదీపం.