దుర్యోధనుడు ఎందుకు చిక్కిపోయాడు

మయసభ అనగానే మనకు ద్రౌపది నవ్వు గుర్తొస్తుంది. రంగస్థలం మీది నాటకాలు, ఆ తర్వాత ‘దాన వీర శూర కర్ణ’ (1977) సినిమా ఆ ఘట్టాన్ని మన మనసుల్లో పాతేశాయి. కానీ ఆ నవ్వుకు అంత పరపతి అక్కర్లేదని నాకనిపిస్తుంది. దుర్యోధనుడి జబ్బు అంతకు ముందే మొదలైంది. రాజసూయంలో ధర్మరాజు అతనికి అప్పగించిన పని, రాజులు తెచ్చే కానుకలు అందుకోవడం. దేశదేశాల నుంచి వచ్చిన రత్నరాశులు అందుకుని అందుకుని చేతులు అలిసిపోయాయని తర్వాత తండ్రితో తనే చెప్పుకుంటాడు. తనది కాని సంపదను రోజంతా తన చేతులతోనే లోపలికి చేరవేసిన మనిషి, ఇక మడుగులో జారిపడితే ఎంత, పడకపోతే ఎంత!

వ్యాసుడి సభాపర్వంలో నాకు బాగా ఇష్టమైన చోటు ఆ తర్వాత వస్తుంది. నీ కొడుకు పాలిపోయి చిక్కిపోయాడని శకుని చెబితే ధృతరాష్ట్రుడికి అంతుబట్టదు. మాంసంతో అన్నం తింటున్నావు, మంచి బట్టలు కడుతున్నావు, మేలుజాతి గుర్రాలెక్కుతున్నావు, మరి ఎందుకిలా అయిపోయావని అడుగుతాడు. తింటున్నాను, కడుతున్నాను, పనికిమాలినవాడు తిన్నట్టు, కట్టినట్టు అని కొడుకు జవాబు. హస్తినాపురంలో ఏదీ తగ్గలేదు. అదే వంటవాడు, అదే వంట. రుచి మాత్రం ఇంద్రప్రస్థంలో ఉండిపోయింది.

ఈ చిక్కిపోవడం మా అపార్ట్‌మెంట్లలోనూ చూస్తుంటాను. ఎవరో స్నేహితుడు నగరం అంచున గేటెడ్ కమ్యూనిటీలో విల్లా కొంటాడు. గృహప్రవేశానికి వెళ్లి, వ్రతం ప్రసాదం తిని, పైనున్న హోమ్ థియేటర్ దాకా చూసి వస్తాం. ఇంటికొచ్చి తాళం తీస్తే మన హాలు ఇరుకు. పొద్దున వెళ్లేటప్పుడు అది ఇరుగ్గా లేదు. ఆ రాత్రే ఎవరో ఒకరు ఈఎంఐ లెక్క తీస్తారు. 50 లక్షల అప్పు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు: నెలకు దాదాపు 45 వేలు. తీరేసరికి కట్టింది కోటీ ఎనిమిది లక్షలు. అసలు కన్నా వడ్డీయే ఎక్కువ. పిల్లలు ఎదిగి చోటు చాలక చేసే అప్పు సంగతి వేరు, దాని జోలికి నేను పోను. స్నేహితుడి హాలు చూసొచ్చిన రాత్రి పుట్టే అప్పు గురించే నా బెంగంతా.

దీన్ని కొలిచినవాళ్లు కూడా ఉన్నారు. నెదర్లాండ్స్‌లో పిన్‌కోడ్‌ను బట్టి తీసే లాటరీ ఒకటుంది. గెలిచిన కోడ్‌లో టికెట్ కొన్నవాళ్లకు డబ్బు, వాళ్లలో ఒకరికి బీఎండబ్ల్యూ కారు. టికెట్టే కొనకుండా ఆ విజేతల పక్కింట్లో ఉన్నవాళ్లు కొత్తగా కార్లు కొనడం ఎక్కువైందని ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించారు. కెనడాలో చేసిన ఇంకో పరిశోధన మరీ చేదు. లాటరీ తగిలినవాడి ఇరుగుపొరుగులో దివాలాలు పెరిగాయి, బహుమతి పెద్దదైనకొద్దీ మరిన్ని. లాటరీ ఒకడికి తగిలితే దెబ్బ పక్కవాడికి తగిలింది.

అయితే ఇదంతా పట్టుకెళ్లి పేదవాడికి తృప్తి పాఠం చెప్పేవాళ్లంటే నాకు చిరాకు. కారే కప్పు కింద పడుకునేవాడు గట్టి ఇల్లు కోరుకుంటే దానికి అసూయ అని పేరు పెట్టడం అన్యాయం. తృప్తి గురించి ఉపన్యసించేవాళ్లు సాధారణంగా భోంచేసి వచ్చినవాళ్లే.

దుర్యోధనుడు తెలివితక్కువవాడేం కాదు. అసంతృప్తే సిరికి మూలమని తండ్రితో వాదిస్తాడు. ఇవాళ వ్యక్తిత్వ వికాస తరగతిలో ఆ మాట అంటే చప్పట్లు పడతాయి, సగం నిజం కూడా. కానీ సిరి అతని ఇంట్లోనే ఉంది. మర్నాడు మయసభ కాలిపోయిందని కబురొస్తే, ఖజానాలో ఒక్క నాణెం పెరగకుండానే అతనికి ఆకలేసి ఉండేది.

ధృతరాష్ట్రుడు చివరికి లొంగాడు. ముందుగా చేయించిన పని, వెయ్యి స్తంభాలతో, నూరు ద్వారాలతో కొత్త సభ కట్టించడం. దాన్ని చూడ రమ్మనే పాండవుల దగ్గరికి విదురుణ్ణి పంపాడు. మయసభ వింతలు ఈనాటికీ పిల్లలకు చెబుతాం. దానికి పోటీగా లేచిన ఈ సభ ఎలా ఉండేదో ఎవరూ చెప్పుకోరు. అందులో పాచికలు వేశారని మాత్రం అందరికీ తెలుసు.