ఇష్టమైన కథకి వకీలుగా ఉండాలా, వ్యాఖ్యాతగా ఉండాలా?



ఒక కథ అంటే మనకి ప్రాణం అనుకోండి. దాని గురించి నలుగురికీ చెప్పడానికి కూర్చున్నాం. అప్పుడు మన బాధ్యత ఎవరి పట్ల? ఆ కథ పట్లా, వినేవాళ్ళ పట్లా, లేక మన ఇష్టం పట్లా? ప్రవచనం చెప్పేవాళ్ళకి ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్నే. కానీ ఈసారి నన్ను ఆలోచనలో పడేసింది పురాణం కాదు, ఒక కార్టూన్ సీరియల్.

మా అక్క కొడుకు డిగ్రీ రెండో సంవత్సరం. వాడికి ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ అంటే పిచ్చి. దాన్ని తెలుగులో విశ్లేషిస్తూ ఒక వీడియో ఛానల్ పెడతానంటున్నాడు. మా బావగారేమో “బొమ్మల కథ గురించి గంటలు గంటలు మాట్లాడ్డం ఏం పనిరా?” అంటున్నారు. నాకు ఛానల్ నడపడం తెలుసు కదా అని తండ్రీకొడుకులిద్దరూ నన్నే అడిగారు.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇది 2005 నుంచి 2008 వరకు అమెరికాలో నికెలోడియన్ ఛానల్లో వచ్చింది. మొత్తం 61 ఎపిసోడ్లు. నీరు, భూమి, అగ్ని, గాలి పేర్లతో నాలుగు జాతులు. అగ్ని జాతి వందేళ్ళుగా లోకం మీద యుద్ధం చేస్తుంటుంది. ఆంగ్ అనే పన్నెండేళ్ళ పిల్లవాడు నాలుగు శక్తులూ నేర్చుకుని దాన్ని ఆపాలి. వాడు గాలి జాతి సన్యాసుల దగ్గర పెరిగినవాడు. ప్రాణం తీయకూడదన్నది వాడికి ఉగ్గుపాలతో వచ్చిన నియమం. వాడి వాళ్ళందరినీ అగ్ని జాతి ఏనాడో చంపేసింది. ఇక వాడొక్కడే మిగిలాడు.

ముందు బావగారి ప్రశ్న చూద్దాం. బొమ్మలు కాబట్టి తక్కువ అనడానికి లేదండి. మన పల్లెల్లో తరతరాలుగా రామాయణం చూపించింది తోలుబొమ్మలే. సీతమ్మ కష్టానికి ఏడ్చినవాళ్ళు అది తోలు అని తెలిసే ఏడ్చారు. ఈ సీరియల్లో ఐరో అని ఒక ముసలాయన ఉంటాడు, ఒకప్పటి సేనాని. ఒక ఎపిసోడ్‌లో పగలంతా ఊళ్ళో కనబడినవాళ్ళకల్లా సాయం చేస్తాడు. చివరికి గుట్ట మీద చెట్టు కింద ఒంటరిగా కూర్చుని, యుద్ధంలో పోయిన కొడుకు బొమ్మ ముందు ఏడుస్తాడు. ఆ పాత్రకి గొంతు ఇచ్చిన మాకో అనే నటుడు 2006లో పోయారు. ఆ భాగాన్ని ఆయనకే అంకితం ఇచ్చారు. అది చూసినవాడు దాని గురించి మాట్లాడాలనుకోవడంలో తప్పేముంది?

కాబట్టి చెప్పే వస్తువు గురించి నాకు బెంగ లేదు. బెంగంతా చెప్పే తీరు గురించే. మావాడు మొదటి వీడియోకి రాసుకున్న పేరు ఏంటో తెలుసా? “అవతార్ మొత్తం మన పురాణాల నుంచి కొట్టేసిందే!” పైగా, “మావయ్యా, నీ ఛానల్లో ఒక్కసారి చూపించు చాలు, మీవాళ్ళందరూ చూస్తారు” అన్నాడు.

నిజమే, చూస్తారు. మనది అంటే మనకి సంతోషం. ఆ సంతోషం నాకూ ఉంది. అందుకే అక్కడ జాగ్రత్తపడాలి. అవతారం అన్న మాట మనదే, సందేహం లేదు. గురు పాథిక్ అనే ఆయన ఆంగ్‌కి ఏడు చక్రాల గురించి చెప్పే ఎపిసోడ్ కూడా ఉంది. అంతవరకు గట్టిగా చెప్పొచ్చు. కానీ నీటి విద్యలో కనబడే కదలికలు తాయ్ చీ నుంచి, భూమి విద్యవి హంగ్ గార్ నుంచి, అగ్ని విద్యవి ఉత్తర షావోలిన్ నుంచి, గాలి విద్యవి బాగువా నుంచి తీసుకున్నారు. ఇవన్నీ చైనా యుద్ధవిద్యలు. తెర మీద కనబడే రాత చైనా లిపి. పసివాడి ముందు బొమ్మలు పెట్టి, పాత అవతార్ వాడిన నాలుగూ ఏరుకుంటే వీడే అని గుర్తుపట్టే పద్ధతి టిబెట్‌లో దలైలామాని గుర్తించే పద్ధతిని తలపిస్తుంది. ఇన్ని చోట్ల నుంచి శ్రద్ధగా తెచ్చుకున్నదాన్ని “కొట్టేశారు” అనడం తీసినవాళ్ళకి అన్యాయం. “అంతా మనదే” అనడం చైనావాళ్ళకీ టిబెట్ వాళ్ళకీ అన్యాయం.

ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది. చివరి భాగాల్లో ఆంగ్‌కి ధర్మసంకటం వస్తుంది. అగ్నిరాజు ఓజాయ్‌ని చంపితే తప్ప లోకం నిలవదని అందరూ అంటారు. చంపితే తను పెరిగిన ధర్మం పోతుంది. మావాడు దీన్ని “అచ్చం గీతే” అని రాసుకున్నాడు. మొదలు అలాగే ఉంటుంది, కాదనను. కానీ చివరిదాకా పోల్చి చూడండి. అర్జునుడు విన్నాడు, లేచాడు, యుద్ధం చేశాడు. ఆంగ్ తన కంటే ముందు అవతార్‌లుగా పుట్టిన నలుగురిని అడుగుతాడు. అందులో యాంగ్‌చెన్ అనే ఆవిడ వాడి లాగే గాలి జాతి సన్యాసిని. ఆవిడ కూడా, నీ సొంత పవిత్రత కంటే లోకం పట్ల నీ కర్తవ్యం పెద్దది అన్న అర్థంలోనే చెబుతుంది. వాడు అంతా విని కూడా చంపడు. పోలిక తెగిపోయేది సరిగ్గా ఇక్కడే. అసలు ఆలోచించాల్సిందీ ఇక్కడే. పోలిక దొరకగానే ఆగిపోయేవాడు గీతనీ చదవలేదు, సీరియల్‌నీ చూడలేదు.

మరి చంపకుండా ఎలా గెలిచాడు? సింహం తల ఉన్న ఒక మహా తాబేలు చివరి నిమిషంలో కనబడి, ఎదుటివాడి శక్తిని తీసేసే విద్య ఇస్తుంది. ఇది సంకటానికి సమాధానమా, సంకటం నుంచి తప్పించుకునే దారా? అలాంటి తాబేలు బొమ్మని ఆంగ్ అంతకుముందే ఒక గ్రంథాలయంలో చూస్తాడు, నిజమే. కానీ బొమ్మ చూపించినంత మాత్రాన ప్రశ్న తీరిపోదు. ఆ తాబేలు రాకపోయి ఉంటే ఆంగ్ ఏం చేసేవాడు? మావాడి స్క్రిప్టులో ఈ ప్రశ్నే లేదు. ఎందుకురా అంటే, “అది నాకు బాగా ఇష్టమైన సీన్ మావయ్యా, దాన్ని తప్పు పట్టలేను” అన్నాడు.

వకీలు తన పక్షానికి అడ్డమొచ్చే సాక్ష్యాన్ని తనంతట తాను బయటపెట్టడు. అది ఆయన వృత్తి. వ్యాఖ్యాతకి ఆ వెసులుబాటు లేదండి. మన కోలాచల మల్లినాథసూరి గారిని తలుచుకోండి. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరని చెబుతారు. కాళిదాసు కావ్యాలకి ఆయన రాసిన వ్యాఖ్య పేరు సంజీవని. చెడ్డ వ్యాఖ్యల విషంతో మూర్ఛపోయిన కాళిదాసు వాక్కుని బతికించడానికి రాస్తున్నానన్నారు ఆయన. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని నియమం కూడా పెట్టుకున్నారు. ఆ కావ్యాన్ని మూర్ఛపుచ్చింది శత్రువులు కాదు, వ్యాఖ్యాతలే! ఎక్కువమంది కావ్యం మీద ఇష్టంతోనే రాసి ఉంటారు. ఇష్టం ఒక్కటే చాలదని అర్థమవుతోంది కదా.

“లోపం చూపిస్తే ఇష్టం తగ్గదా?” అని మావాడు అడిగాడు. తగ్గొచ్చు కూడా. ఆ భయంతో కళ్ళు మూసుకుంటే మనం ప్రేమిస్తున్నది ఆ కథని కాదు, మన మనసులో కట్టుకున్న ఇంకో కథని. “ఇవన్నీ చెబితే ఎవరు చూస్తారు?” అనీ అడిగాడు. తక్కువమందే చూడొచ్చు. నేను అబద్ధపు ధైర్యం చెప్పలేదు. కానీ వాణ్ణి నమ్మి అరగంట ఇచ్చిన పిల్లాడు రేపు పది మందికి ఆ మాటే చెబుతాడు. వాడి నోట అబద్ధం పలికించే హక్కు మనకి లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాను. విమర్శ కోసం, సమీక్ష కోసం ఇంకొకరి కృతిలో కొంత న్యాయంగా వాడుకోవడానికి మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. ఎపిసోడ్ మొత్తం పెట్టేసి మధ్యలో రెండు మాటలు చెబితే అది సమీక్ష కాదు. డబ్బు వస్తే తీసుకో, తప్పులేదు. హరిదాసులకీ సంభావన ఇచ్చేవారు. కానీ సంభావన కోసం కథ మార్చకూడదు.

బావగారికి, పెట్టనివ్వండి అని చెప్పాను. మావాడికి, పేరు మారిస్తేనే నా ఛానల్లో చూపిస్తాను అన్నాను. వాడికి కోపం వచ్చింది. రానివ్వండి. మీ ముందు కూర్చుని మాట్లాడే నేను నాకు పెట్టుకున్న నియమాన్ని మేనల్లుడి కోసం సడలించలేను.

మీకు ప్రాణమైన కథ ఏదైనా సరే, పురాణం కానివ్వండి, సినిమా కానివ్వండి, ఒక్కసారి ఆలోచించండి. అందులో మీకు మింగుడుపడని ఘట్టం ఏది? పిల్లలకి చెప్పేటప్పుడు దాన్ని దాటేస్తున్నారా, దాని దగ్గర ఆగుతున్నారా? ఈసారి ఆగి చూడండి. పిల్లలు అడిగే మంచి ప్రశ్న అక్కడే పుడుతుంది.

శుభం భూయాత్.