టీకీ టీకీ మధ్య

పొద్దున్నే ఒక టీ, పదకొండింటికి ఒకటి, సాయంత్రం బిస్కెట్లతో మరొకటి. పంచదార తగిలిన ప్రతిసారీ నోట్లోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటిమీది ఎనామిల్ నుంచి క్యాల్షియాన్ని లాగేస్తుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగి, పోయినదాన్ని కొంతైనా పూడ్చడానికి అరగంటకు పైనే పడుతుంది. ఈలోగా ఇంకో బిస్కెట్ నోట్లో పడితే పంటికి తేరుకునే వ్యవధే ఉండదు. అందుకే తీపి ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నదే ముఖ్యం. మిఠాయి తినాలనిపిస్తే భోజనంతోపాటే తినేసి, నీళ్లతో పుక్కిలించండి.

మధ్యలో ఆకలేస్తే జామకాయ కొరకండి. నమిలేకొద్దీ లాలాజలం ఊరుతుంది, అందులోని సి విటమిన్ చిగుళ్లకు మంచిది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 340 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంది. రాగిజావలో బెల్లం బదులు మజ్జిగ కలిపితే ఇంకా మేలు.

పసిపిల్లలున్న ఇళ్లకు ఒక మాట. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చకండి. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పాలు పైవరస ముందుపళ్ల చుట్టూ నిలిచిపోతాయి. పుచ్చు చిగురు దగ్గర తెల్లటి గీతలా మొదలై, గోధుమరంగుకు తిరిగి, పన్ను పెళుసై విరుగుతుంది. పాలపళ్లేగా, ఎలాగూ ఊడేవేగా అనుకోవద్దు; వాటి కింద శాశ్వత దంతాలు తయారవుతుంటాయి. మొదటి పుట్టినరోజు నాటికి బిడ్డను ఒకసారి దంతవైద్యులకు చూపించండి.