బొమ్మలన్నియు బిడ్డల కొరకేనా?

తెరమీద బొమ్మలు ఆడుచున్నవి గనుక అది పిల్లల వేడుకయే యని తలంచి, ఫోను బిడ్డ చేతికిచ్చి పనికి పోవు తల్లిదండ్రులు మన పల్లెలలోను కలరు. ఆ బొమ్మ యెవరి కొరకు గీయబడెనో మొదట అడుగవలెను.

అమెరికాలో 1997 ఆగస్టు 13న ‘సౌత్ పార్క్’ అను బొమ్మల హాస్య కథ టెలివిజనులో మొదలయ్యెను. అందలి ముఖ్యులు ప్రాథమిక పాఠశాలలో చదువు నలుగురు బాలురు. వారి నోట బూతులు కలవు. తొలి సంవత్సరములలో వారిలో ఒకడు ఇంచుమించు ప్రతి కథలో చచ్చును, అదియు నవ్వులాటయే. కావున అది పెద్దలకే తగినదని ఆరంభముననే గుర్తు వేయబడెను.

ఇట్టి కథలన్నియు చెడ్డవని నేననను. లోకుల వేషధారణను బయటపెట్టుటకై హాస్యకారుడు చెడ్డమాటను మూర్ఖుని నోట పెట్టును. పెద్దవాడు ఆ మూర్ఖుని చూచి నవ్వును. అయిదేండ్ల బిడ్డ ఆ మూర్ఖునితో కలిసి నవ్వును. అందలి మందలింపు వానికి అందదు, మాట మాత్రము అందును. మరునాడు దానిని తాతమీద విసరును.

మన దేశములో 2021 నాటి నిబంధనలు ఇంటర్నెట్టులో వచ్చు ఇట్టి చిత్రములకు వయస్సు గుర్తు ఉండవలెనని చెప్పుచున్నవి. గుర్తు కావలివాడే గాని తండ్రి కాదు. ముందుగా మీరే చూడుడి. ఆ మాటలు మీ బిడ్డ భోజనమునొద్ద పలికినయెడల మీరు నవ్వగలరా? నవ్వలేనియెడల అది వానికి ఇంకను తగదు. తగిన వయస్సు వచ్చినప్పుడు ప్రక్కన కూర్చుండి, దేనికి నవ్వవలెనో, దేనికి నవ్వరాదో నేర్పుడి.